యమనోతె రైలు తెరలు: పుష్కరకాలం చూశాక

టోక్యో నగరంలో 34.5 కిలోమీటర్ల వలయంగా తిరిగే యమనోతె మార్గంలో, ఓత్సుక నుంచి షినగావాకు, పనిదినాల్లో రోజుకు రెండుసార్లు, పుష్కరకాలంగా ప్రయాణిస్తున్నాను. ఒక్కో ప్రయాణానికి అరగంట పడుతుంది. రద్దీలో చెయ్యి కదిపి ఫోను తీయడం కూడా సాధ్యపడని ఆ అరగంటలో కంటికి దక్కేవి తలుపుల పైనున్న ఎలక్ట్రానిక్ తెరలే కనుక, వాటి మంచిచెడ్డలు చెప్పగలిగినంత పరిచయం నాకు ఏర్పడింది.

2002లో ఈ మార్గంలోకి వచ్చిన ఇ231-500 తరగతి రైళ్ళలో ప్రతి తలుపు మీదా 15 అంగుళాల తెరలు రెండేసి అమర్చారు. కుడి తెర పూర్తిగా ప్రయాణానికి సంబంధించినది: రాబోయే స్టేషను, అక్కడ మారదగిన ఇతర మార్గాలు, తలుపు తెరుచుకునే వైపు, నగరంలో మరెక్కడైనా రైళ్ళు ఆలస్యమైతే ఆ వివరం అందులో కనిపిస్తాయి. ఎడమ తెరలో వార్తల శీర్షికలు, వాతావరణం, చిన్న చిన్న ప్రశ్నల పోటీలు, వాటి నడుమ ప్రకటనలు వస్తాయి. ఎంత ఆకర్షణీయమైన ప్రకటన వచ్చినా అది దారి చెప్పే తెర జోలికి పోదు. ఈ విభజన చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, కొత్త ఊళ్ళో ఎక్కడ దిగాలో తెలియక తల పైకెత్తినవాడికి సబ్బు ప్రకటన ఎదురైతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే దాని విలువ తెలుస్తుంది.

అంతకంటే నాకు నచ్చింది, ఈ తెరలకు నోరు లేకపోవడం. వార్త అయినా ప్రకటన అయినా అక్షరాల్లోనే నడుస్తుంది. ఇష్టమున్నవారు చదువుకుంటారు, లేనివారు కునుకు తీస్తారు. తెల్లవార్లూ సినిమా మోగే వీడియో కోచ్ బస్సుల్లో హైదరాబాదు నుంచి గుంటూరుకు ప్రయాణాలు చేసినవాణ్ణి కాబట్టి, ఈ నిశ్శబ్దాన్ని నేను కొంత ఎక్కువగా మెచ్చుకుంటున్నానేమో.

నేను అనుకోకుండా పొందిన లాభం మరొకటి ఉంది. స్టేషను పేరు మొదట కంజి లిపిలో (చైనా నుంచి వచ్చిన భావాక్షరాలు; చూడగానే ఉచ్చారణ తెలియదు), తరువాత పలికినట్టే రాసే హిరగానలో, ఆపైన ఇంగ్లీషులో మారుతూ కనిపిస్తుంది. జపాను వచ్చిన తొలి రోజుల్లో కంజి చూసి మనసులో ఒక ఉచ్చారణ అనుకోవడం, హిరగాన వచ్చాక తప్పు దిద్దుకోవడం నాకు అలవాటైంది. ముప్పయ్యేళ్ళు దాటాక రైల్లో నిలబడి చేసుకున్న అక్షరాభ్యాసం అది. ఏడాది తిరిగేసరికి ఎడమ తెర మీది వార్తల శీర్షికల్లో సగం అర్థమయ్యేవి. 2019 అక్టోబరులో హగిబిస్ తుఫాను వచ్చినప్పుడు, మరునాడు రైళ్ళు ఆపివేస్తారన్న ప్రకటనను శుక్రవారం సాయంత్రం ఎవరినీ అడగకుండా ఆ తెర మీదే చదువుకుని, దిగగానే బియ్యం, కూరగాయలు కొనుక్కుని ఇంటికి చేరాను.

ఇక లోటుపాట్లు. 2015 చివర మొదలై 2020 నాటికి ఈ మార్గమంతటా వచ్చిన ఇ235 రైళ్ళలో తలుపుల మీది తెరలతో పాటు సామాను పెట్టే అరల పైన కూడా వరుసగా మూడేసి తెరలు చేర్చారు. కొత్తగా వచ్చిన చోటు వార్తలకు పెద్దగా దక్కలేదు; ప్రకటనలే పరుచుకున్నాయి. అరగంటలో ఒకే ప్రకటన రెండుసార్లు, సాయంత్రం మళ్ళీ రెండుసార్లు చూడవలసి వస్తుంది. వార్తలు కూడా శీర్షిక, ఒకటి రెండు వాక్యాలతోనే ఆగిపోతాయి. పెట్టె మధ్యలో పైనుంచి వేలాడే కాగితపు ప్రకటనల్లో వారపత్రికల విషయసూచికలు కిక్కిరిసి ఉన్న రోజుల్లో, వాటిని చదివితే దేశంలో ఏ రాజకీయ నాయకుడి మీద ఏ దుమారం రేగిందో ఇంతకంటే బాగా తెలిసేది.

మరొక వెలితి తెరలది కాదు, నాది. విజయవాడ ప్యాసింజరులో ఒకే దినపత్రిక విడివిడి కాగితాలుగా పెట్టె అంతా తిరిగేది, దానితో పాటు వాదన కూడా తిరిగేది. ఇక్కడ ఒకే వార్తను వందమంది ఒకేసారి చదివి ఒక్కరూ పెదవి విప్పరు.

ప్రశ్నల పోటీలు మాత్రం నేటికీ వదలలేను. ప్రశ్నకూ జవాబుకూ మధ్య కొంత విరామం ఇస్తారు, ఆ విరామంలోనే నా స్టేషను వస్తుంది. ఒకసారి జవాబు కోసం ఆగి, తలుపులు మూసుకుపోగా, షినగావా దాటి తమాచిలో దిగి వెనక్కి వచ్చాను.