నూలు వడికిన మిల్లు పేరు కూడా చెప్పే దుకాణం

చెన్నై టీ నగర్‌లోని ఈ చిన్న చేనేత దుకాణంలో ప్రతి చీరకూ కట్టిన చీటీ మీద నేసిన సహకార సంఘం పేరుతో పాటు నూలు వడికిన మిల్లు పేరు కూడా ఉంటుంది. తమిళనాడులోని కొన్ని స్పిన్నింగ్ మిల్లులు ‘సుమంగళి’ పథకం పేరిట, సుమారు మూడేళ్లు పనిచేస్తే పెళ్లి ఖర్చుకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తామని పేదింటి ఆడపిల్లలను చేర్చుకుని, హాస్టళ్లలో కట్టడి చేసి, మధ్యలో మానేసినవారికి ఆ సొమ్ము ఎగవేసిన సంగతి ఎరిగినవారికి ఆ చీటీ విలువ తెలుస్తుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976 నుంచే ఉన్నా, దుస్తుల కంపెనీలు చేయించే తనిఖీలు చాలావరకు కుట్టు యూనిట్ల దగ్గరే ఆగిపోతాయి, నూలు మిల్లుల దాకా వెళ్లవు. హాజరు పట్టీలు, వయసు ధ్రువపత్రాలు చూశాకే నూలు కొంటామని యజమానురాలు ఓపికగా వివరించారు; అయితే మిల్లు అమ్మాయిలతో బయటివారెవరైనా విడిగా మాట్లాడారా అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాలేదు, అది పెద్ద లోటే. ధర కాస్త ఎక్కువ. నేత గట్టిగా ఉంది, ఉతికినా రంగు దిగలేదు.