సియాటిల్ నదుల్లో సాల్మన్ వేట: ఒడ్డు మీదా, గైడ్ పడవలోనా?

ఖర్చు: ఒడ్డునైతే గేలం కర్ర, లైసెన్స్, క్యాచ్ రికార్డ్ కార్డ్ (పట్టిన చేపలు రాసుకునే కార్డు). పడవకు వందల డాలర్లు. లైసెన్స్ ఎలాగూ తప్పదు.

శ్రమ: ఒడ్డున జారే రాళ్లు, తెల్లారకముందే చోటు కోసం పోటీ. పడవలో హాయి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లోని చినూక్ రకం సాల్మన్ 1999 నుంచి ఫెడరల్ రక్షిత జాబితాలో ఉంది. కోహో అనే మరో రకం సాల్మన్ అనుకుని దాన్ని ఉంచుకుంటే చిక్కే. పళ్ల మొదట్లో చిగురు నల్లగా, తోక రెండు పాయల మీదా మచ్చలుంటే చినూక్. చిగురు తెల్లగా, మచ్చలు పై పాయకే ఉంటే కోహో. వీపున, తోకకు ముందుండే బుల్లి రెక్క కత్తిరించి ఉంటే హ్యాచరీ (చేపపిల్లల పెంపక కేంద్రం) చేప. పడవలో ఇవన్నీ గైడ్ చూసి చెబుతాడు. ఒడ్డున మీరే, అదీ చేప నీళ్లలో ఉండగానే: వదలాల్సిన సాల్మన్‌ను పూర్తిగా పైకెత్తడం వాషింగ్టన్ నదుల్లో నేరం. వాట్సాప్ ఫొటో సరదా ఉన్నవాళ్లకు ఇదే కష్టం!

మొదటి సీజనా, ఇండియా నుంచి నాన్నగారు వచ్చారా? గైడ్‌నే పెట్టుకోండి. చిగురు చూసి పోల్చగలిగితే, వారం వారం వెళ్లాలనుంటే, ఒడ్డే మేలు. ఏ దారైనా ఆ నదికి ఆ వారం నిబంధనలు చూసుకునే బయల్దేరండి. సీజన్ మధ్యలోనూ మారుతుంటాయి.