టెక్స్ట్ నోట్స్ కోసం సింక్‌థింగ్: బాగుంది, కానీ అందరికీ కాదు

డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ తెరవక్కర్లేదు, మెయిల్ ఐడీ కూడా అడగదు. లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్, ఫోన్‌లో అదే ఫోల్డర్, ఇక్కడ మార్చింది అక్కడికి, అక్కడ మార్చింది ఇక్కడికి వచ్చేస్తుంది. సింక్‌థింగ్ చేసే పని ఇంతే. కాకపోతే పెట్టుకోవడానికి ఒక సాయంత్రం పోతుంది, ఆ తర్వాత కూడా దానికి కొన్ని పట్టింపులుంటాయి, అవి తెలియకుండా దిగితే చిరాకు తప్పదు.

నా నోట్స్ అన్నీ టెక్స్ట్ ఫైళ్లే. కరెంటు మీటర్ రీడింగులు, చీటీ లెక్కలు, అమ్మ చెప్పిన ఆవకాయ కొలతలు, సగం రాసి వదిలేసిన కథలు. నోట్స్ యాప్ ఏదైనా వాడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది, అందులోంచి బయటికి వద్దామనుకున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. గూగుల్ కీప్‌లో రాసుకున్నవి టేకవుట్ (గూగుల్‌లో ఉన్న మన డేటాని దింపుకునే సదుపాయం) ద్వారా దింపుకుంటే హెచ్‌టీఎంఎల్, జేసన్ ఫైళ్లు చేతికొస్తాయి, వాటిని మామూలు టెక్స్ట్‌గా మార్చుకునే పని మనదే. టెక్స్ట్ ఫైలుకి ఆ గొడవ లేదు, ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. ఇబ్బందల్లా దాన్ని ఫోన్‌కి చేర్చడమే. నాకు నేనే వాట్సాప్‌లో పంపుకోవడం లాంటి పనులతో చివరికి ఏది కొత్త ఫైలో ఏది పాతదో తెలియకుండా పోతుంది.

సింక్‌థింగ్‌ని 2013లో యాకబ్ బోర్గ్ అనే ఆయన మొదలుపెట్టారు, ఓపెన్ సోర్స్, అంటే దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. మన ఫైళ్లు దాచిపెట్టే సర్వర్ మధ్యలో ఉండదు. రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉంటే నేరుగా మాట్లాడుకుంటాయి. ఫోన్ మొబైల్ డేటా మీద ఉండి నేరుగా దారి దొరక్కపోతే ఫైళ్లు వాలంటీర్లు నడిపే రిలేల (ఇటునుంచి అందుకుని అటు పంపేసే సర్వర్ల) మీదుగా వెళ్తాయి. అప్పుడు కాస్త నెమ్మది, కానీ అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది కాబట్టి రిలే నడిపేవాళ్లకి లోపల ఏముందో కనబడదు.

పెట్టుకోవడం మరీ కష్టమేం కాదు గానీ తికమకగా ఉంటుంది. కంప్యూటర్లో దీని సెట్టింగులన్నీ బ్రౌజర్లోనే, 127.0.0.1:8384 అని కొడితే తెరుచుకుంటాయి. ప్రతి పరికరానికీ ఒక పొడవాటి ఐడీ ఉంటుంది, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరిపోతుంది. అయితే పెళ్లి సంబంధంలాగా రెండు వైపులా ఒప్పుకోవాలి: పరికరాన్ని కలిపేటప్పుడు ఒకసారి, ఫోల్డర్ పంచుకునేటప్పుడు మళ్లీ ఒకసారి. ఇటు ఓకే చేసి అటు మర్చిపోతే ఏమీ జరగదు, ఎందుకు జరగడం లేదో కూడా కొత్తవాళ్లకి చప్పున అర్థం కాదు.

ఆండ్రాయిడ్ వాళ్లకి ఒక విషయం. అసలు సింక్‌థింగ్ ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబర్‌తో ఆగిపోయింది. ప్లే స్టోర్‌లో పెట్టడం తలనొప్పి అయిపోవడం కూడా దానికొక కారణమని దాన్ని నడిపినాయనే చెప్పారు. ఇప్పుడు అందరూ వాడేది సింక్‌థింగ్-ఫోర్క్, అదే కోడ్ తీసుకుని వేరేవాళ్లు నడుపుతున్న యాప్. నేను ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి దింపుకున్నాను. వైఫై ఉన్నప్పుడే నడవాలి, చార్జింగ్‌లో ఉన్నప్పుడే నడవాలి అని షరతులు పెట్టుకోవచ్చు. ఫోన్‌లో రాయడానికి మార్కర్ అనే ఎడిటర్, అదీ ఉచితమే, ఫోల్డర్ చూపిస్తే అందులోని ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టు తెరుస్తుంది. ఈ జత నాకు బాగా కుదిరింది. నా ఫోన్ తయారుచేసిన కంపెనీ మాత్రం బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లన్నిటి పీక నొక్కేస్తుంది. సెట్టింగుల్లో వెతికి వెతికి దీన్ని మినహాయిస్తే తప్ప సింక్ జరగలేదు.

ఇక అసలు పట్టింపు. రెండు పరికరాలూ ఒకేసారి ఆన్‌లో ఉండాలి. బస్సులో కూర్చుని ఫోన్‌లో ఏదో రాశాం, ఇంట్లో లాప్‌టాప్ మూసి ఉంది, అప్పుడు రాసింది ఫోన్‌లోనే ఉంటుంది. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాక అది వచ్చి చేరేలోపే తొందరపడి అదే ఫైల్లో ఇంకో లైను రాసి సేవ్ చేశామా, ఒకే ఫైలు రెండు రకాలుగా తయారవుతుంది. సింక్‌థింగ్ ఏదీ పారేయదు, ముందు మార్చినదాని పేరుకి సింక్-కాన్‌ఫ్లిక్ట్ అని తేదీ, టైము తగిలించి పక్కన పెడుతుంది. రెండిటినీ చూసి కలుపుకునే పని మనదే. లెక్కల ఫైలు అయితే ఇది కాస్త విసుగే. ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత కంప్యూటరో రాస్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటరో ఇంట్లో ఉంటే దాన్నీ కలిపేయండి, సగం బాధ తీరుతుంది.

ఇంకొకటి, ఇది బ్యాకప్ కాదు. ఫోన్‌లో ఫైలు డిలీట్ చేస్తే కాసేపటికి లాప్‌టాప్‌లోనూ పోతుంది. ఫైల్ వెర్షనింగ్ అని ఉంటుంది, మారిన, డిలీట్ అయిన ఫైళ్ల పాత కాపీలు దాచిపెడుతుంది, మొదటి రోజే ఆన్ చేసుకోండి. ఏ పరికరంలో ఆన్ చేస్తే అవతలి నుంచి వచ్చిన మార్పులకే అది పనిచేస్తుంది, అంటే లాప్‌టాప్‌లో పెడితే ఫోన్‌లో చేసిన పొరపాట్ల నుంచి కాపాడుతుంది, లాప్‌టాప్‌లో మనం స్వయంగా చేసినవాటి నుంచి కాదు. ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు.

తెలుగులో రాసుకునేవాళ్లకి ప్రత్యేకంగా రెండు మాటలు. ఫైళ్లు యూటీఎఫ్-8లోనే ఉండాలి, అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్ (అక్షరాలని ఫైల్లో దాచే పద్ధతి) అది. విండోస్ నోట్‌ప్యాడ్ 2019 మే అప్‌డేట్ నుంచి కొత్త ఫైళ్లని అలాగే సేవ్ చేస్తోంది, అంతకుముందు ఆన్సీ అనే పాత ఎన్‌కోడింగ్ ఉండేది, అందులో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలే. రెండోది ఫైలు పేర్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, గుణింతపు గుర్తూ వత్తుకి వాడే పొల్లూ కూడా విడివిడిగా లెక్క, కాబట్టి ‘లక్ష్మి’ అనే చిన్న పేరే 21 బైట్లు తింటుంది. ఆండ్రాయిడ్, లినక్స్‌లలో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే 85 గుర్తులు. విండోస్ అంతకంటే పొడుగు పేరు ఒప్పుకుంటుంది. కథ మొదటి వాక్యాన్నే పేరుగా పెట్టే అలవాటున్నవాళ్ల ఫైళ్లు విండోస్‌లో హాయిగా ఉంటాయి, ఫోన్‌కి మాత్రం రావు. అలాగే లినక్స్‌లో పేరు మధ్య కోలన్ పెడితే విండోస్ తీసుకోదు. ఫైలుకి చిన్న పేరు పెట్టి, శీర్షిక లోపల రాసుకోవడమే మేలు.

ఐఫోన్ ఉన్నవాళ్లకి నేను దీన్ని అంత ధైర్యంగా చెప్పను. మోబియస్ సింక్ అనే యాప్ ఉంది, 20 ఎంబీ వరకు ఉచితం, టెక్స్ట్‌కి అది చాలా ఎక్కువే. కానీ ఐఫోన్ యాప్‌లని వెనకాల సరిగ్గా నడవనివ్వదు, కాబట్టి యాప్‌ని మనమే తెరిచి కాసేపు ఉంచాలి. అంత ఓపిక లేకపోతే అబ్సీడియన్ అనే నోట్స్ యాప్ వాళ్ల సింక్‌కి నెలనెలా డబ్బు కట్టడమే సుఖం, అందులోనూ ఫైళ్లు మామూలు టెక్స్ట్‌గానే మన దగ్గర ఉంటాయి. మా నాన్నగారి ఫోన్‌లో అయితే సింక్‌థింగ్ పెట్టే ప్రసక్తే లేదు, అది ఆగిపోయినప్పుడల్లా ఆయన ఫోన్ చేసేది నాకే.