అమలాపురం జెరాక్సు నోట్సు: కొమ్మల ఆల్కేన్ల పేర్లు

ఇంటర్ పిల్లలకి జెరాక్సు షాపుల్లో అమ్ముతున్న ఈ స్పైరల్ నోట్సు కొమ్మల ఆల్కేన్లకి (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఒంటి బంధాలతో ఉండే పదార్థాలు) పేర్లు పెట్టడం నేర్పుతుంది. అందులో మొదటి సగం బంగారం. పొడవైన కార్బన్ గొలుసు వంకర తిరిగినా వదలొద్దని బొమ్మ వేసి చూపారు (మిథైల్ అంటే ఒక కార్బన్ కొమ్మ, ఇథైల్ అంటే రెండు; బ్యూటేన్ నాలుగు, పెంటేన్ ఐదు కార్బన్ల గొలుసు): చాలామంది 2-ఇథైల్‌బ్యూటేన్ అని రాసేది నిజానికి 3-మిథైల్‌పెంటేన్. ఇంగ్లీషు అక్షరక్రమం చూసేటప్పుడు అవే కొమ్మలు రెండు, మూడు అని చెప్పే డై, ట్రై లెక్కలోకి రావు, అందుకే ఇథైల్ (e) ముందు, మిథైల్ (m) తర్వాత: 3-ఇథైల్-2,2-డైమిథైల్‌పెంటేన్. ఇదీ బాగా చెప్పారు.

కొమ్మ ఏ కార్బన్ మీద ఉందో చెప్పే నంబర్ల దగ్గరే తేడా కొట్టింది. 'కూడితే తక్కువ వచ్చే వైపు నుంచి లెక్కపెట్టండి' అట! పాత కోచింగ్ చిట్కా, తప్పు. పది కార్బన్ల డెకేన్ మీద మూడు మిథైల్‌లకి ఒకవైపు నుంచి 2,7,8, రెండోవైపు నుంచి 3,4,9 వచ్చాయనుకోండి. మొత్తాలు 17, 16. అయినా సరైన పేరు 2,7,8-ట్రైమిథైల్‌డెకేనే. మొదట తేడా పడే చోట చిన్న అంకె ఉన్నదే తీసుకోవాలి. ఆ పేజీ కొట్టేసి వాడండి.

జవాబుల్లో అంకెకీ అక్షరానికీ మధ్య హైఫన్లు ఎగిరిపోయాయి, పెన్నుతో పెట్టుకోవాలి.