అవెన్ నీళ్ల స్ప్రే: బోరు నీళ్లతో పొడిబారే ముఖానికి

దక్షిణ ఫ్రాన్స్‌లోని చిన్న ఊరు అవెన్. అక్కడి సెయింట్ ఓడిల్ ఊట నీళ్లు దాదాపు 26 డిగ్రీలే, గోరువెచ్చన కూడా కావు. చర్మ బాధలకు 1743 నుంచి జనం అందులో స్నానం చేస్తున్నారు. ఆ నీళ్లే ఈ డబ్బాలో ఉన్నాయి, చిమ్మేది నైట్రోజన్ ఒత్తిడి.

హైదరాబాద్‌లో కుళాయి మూతికి తెల్లగా సున్నం కట్టే బోరు నీళ్లుంటే ఇది నిజంగా హాయి. ముఖం కడిగాక జానెడు దూరం నుంచి కొట్టి, రెండు మూడు నిమిషాలాగి, మెత్తటి గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. ఏసీలో దానంతటదే ఆరనిస్తే చర్మం ఇంకా బిగుస్తుంది. చాలామంది తప్పు ఇక్కడే. కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాసేయండి. మొటిమలకు మందు మాత్రం కాదు. ముందు 50 మిల్లీలీటర్లది చాలు. మే ఎండలో కారులో వదలొద్దు, ఒత్తిడి డబ్బా అది.