కుప్పం సంత, హైదరాబాద్ పాతబస్తీ

కుప్పం దగ్గర ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలుస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ ఊరికే పెట్టలేదు. సంతలో టమాటా గంప ముందు ఒకరు "ఎంత?" అంటే పక్కావిడ "ఎష్టు?" అంటుంది, వెనకాయన "ఎవ్వళవు?" అంటాడు. అమ్మే అక్క తక్కెడ దించకుండానే ఎవరి భాషలో వాళ్లకి ధర చెప్పేస్తుంది.

పాతబస్తీలోనేమో భాషలు ఒకదాంట్లో ఒకటి ఇంకిపోయాయి. తెలుగు 'అని' పనిని దక్కనీలో, అంటే ఇక్కడి ఉర్దూలో, 'బోల్కే' చేస్తుంది. తెలంగాణ తెలుగులో 'పరేషాన్', 'జల్ది' ఇంటి మాటలే. ఎంత అందమైన కలయికో!

అయినా నా మొగ్గు కుప్పానికే. అక్కడ ఎదుటివాళ్ల భాషలోకి మనమే ఒకడుగు వేస్తాం. హైదరాబాద్‌లో కొత్తవాళ్లు కనబడగానే చాలామందిమి హిందీలోకి మారిపోతున్నాం. పాపం, వాళ్లు తెలుగు నేర్చుకునేదెప్పుడు?