లిటరేచర్ సెర్చ్‌లు పంచుకోవడం: నాలుగేళ్లు వాడాక

2020 మార్చిలో కోవిడ్ మీద వచ్చిన వైద్య పరిశోధన పేపర్ల కోసం చేసిన సెర్చ్‌లను మెడికల్ లైబ్రేరియన్లం ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టాం. అందుకోసం పెట్టుకున్న ఉమ్మడి ఫోల్డర్‌ని నాలుగేళ్లకు పైగా వాడాను, నావీ అందులో పెట్టాను. అది లేకపోతే మొదటి మూడు నెలలు నేను నిలదొక్కుకునేదాన్ని కాదు. అలాగని కళ్లు మూసుకుని వాడుకోవచ్చని మాత్రం చెప్పను.

అప్పట్లో ఏ ఆసుపత్రిలో చూసినా డాక్టర్లవి ఇవే ప్రశ్నలు. వెంటిలేటర్ పెట్టని పేషెంటును బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ పెరుగుతుందా? ఎన్95 మాస్కులు మళ్లీ వాడాలంటే ఎలా శుద్ధి చేయాలి? ఒక్కో ప్రశ్నకు వైద్య పేపర్ల డేటాబేస్‌లైన పబ్‌మెడ్, ఎంబేస్ వెతికి, వచ్చినవాటిని జల్లెడ పట్టేసరికి నాకు సగం రోజు పట్టేది. అదే పని అదే రోజు ఇంకెంతమంది చేస్తున్నారో!

బోర్లా పడుకోబెట్టే ప్రశ్న నాకు రాత్రి తొమ్మిది దాటాక ఐసీయూ నుంచి వచ్చింది. ఫోల్డర్ తెరిస్తే రెండు రోజుల కింద ఎవరో చేసిన సెర్చ్ ఉంది. ఫైలు పైనే వెతికిన తేదీ, చూసిన డేటాబేస్‌లు, వాడిన పదాలు వరుసగా, ఏ లైనుకు ఎన్ని పేపర్లు వచ్చాయో ఉన్నాయి. ఆ రెండు రోజుల్లో వచ్చినవి మాత్రం నేను వెతికి కలిపాను. అరగంటలో డాక్టర్ చేతిలో పెట్టగలిగాను. ముక్కూమొహం తెలియని ఆ మనిషికి ఆ రాత్రి మనసులోనే దండం పెట్టుకున్నాను.

దెబ్బ తిన్నది పేర్ల దగ్గర. కోవిడ్-19 అనే పేరును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఫిబ్రవరి 11న ప్రకటించింది. అంతకు ముందు పేపర్లలో 2019-ఎన్‌కోవ్, నావెల్ కరోనావైరస్, వుహాన్ న్యుమోనియా, ఇలా ఎవరికి తోచింది వాళ్లు రాశారు. ఒకసారి నేను తీసుకున్న సెర్చ్‌లో కోవిడ్-19 ఒక్కటే ఉంది. టెన్షన్‌లో చూసుకోకుండా పంపేశాను. మర్నాడు డాక్టరే జనవరి నాటి పేపరొకటి చూపించి, "ఇది మీ లిస్టులో లేదేమండీ?" అని అడిగారు. తప్పు నాదే. అప్పటి నుంచి, ఎంత పేరున్నవాళ్లు చేసిన సెర్చ్ అయినా, జబ్బు పేర్లుండే మొదటి లైను చదవకుండా ముట్టుకోలేదు. పేపర్లకు అవి దేని గురించో చెబుతూ తగిలించే పబ్‌మెడ్ విషయ శీర్షికల మీద ఆధారపడదామన్నా, ఆ శీర్షికల జాబితా అయిన మెష్‌లో కోవిడ్-19 పూర్తి స్థాయి శీర్షికగా చేరింది 2021 కూర్పులోనే.

ఇంకో ఇబ్బంది, లిస్టు పాతబడిపోవడం. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్ వైద్య పత్రికలో 2020 మే 22న వచ్చిన పేపరును జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. మే చివర్లో తయారైన లిస్టుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే రెడీమేడ్ లిస్టులకంటే సెర్చ్ వ్యూహమే, అంటే ఏ పదాలు ఎలా కలిపి వెతికారో ఆ వరుసే, నాకు ఎక్కువ ఉపయోగపడింది. దాన్ని మళ్లీ నడిపితే ఆ రోజు వరకు ఉన్నవన్నీ వస్తాయి. అయితే పబ్‌మెడ్ కోసం రాసింది ఓవిడ్ అనే ఇంకో సెర్చ్ వేదికలో అలాగే అతికిస్తే నడవదు, పదాన్ని పేపర్ పేరులో వెతకాలా, సారాంశంలో వెతకాలా అని చెప్పే ఫీల్డు గుర్తులు మార్చుకోవాలి. ఎంబేస్‌కైతే శీర్షికలే వేరు. ఆ మార్పులు కూడా చేసి పెట్టినవాళ్ల ఫైళ్లు నాకు బంగారంతో సమానం.

కోవిడ్ పేపర్లను ఒకచోట చేర్చిన లిట్‌కోవిడ్ వెబ్‌సైటు కూడా రోజూ చూసేదాన్ని. కొత్త పేపర్లు గమనించడానికి బాగుండేది, కానీ అందులో ఉండేవి పబ్‌మెడ్‌వే.

నన్ను బాగా కదిలించింది ఒకరి సెర్చ్‌ను ఇంకొకరు సరిచూసే అలవాటు. లైబ్రేరియన్ రిజర్వ్ కోర్ పేరుతో వాలంటీర్లు ఒక్కటై, ప్రపంచ ఆరోగ్య సంస్థ సమన్వయం చేసే, అంటువ్యాధులు ప్రబలినప్పుడు స్పందించే గోర్న్ నెట్‌వర్క్‌కు సాయపడ్డారు. మా చిన్న గుంపులోనూ ఎవరైనా సెర్చ్ పెడితే ఇంకొకరు చదివేవారు. నేను "మాస్క్" అని మాత్రమే రాసిన చోట ఒకావిడ "రెస్పిరేటర్ కూడా చేర్చండి" అని రాశారు. చేర్చి చూస్తే ఎన్95 మీద ముఖ్యమైన పేపర్లు అప్పుడు దొరికాయి.

గుంపు ఇప్పుడు పలచబడింది, ఫోల్డర్‌లో కొత్త ఫైళ్లు తక్కువే. అయినా 2022లో మంకీపాక్స్ వచ్చినప్పుడు మళ్లీ తెరిచాం. ఆ నవంబర్ 28న దాని పేరు ఎంపాక్స్‌గా మారితే, అదే రోజు ఎవరో మొదటి లైనులో పాత పేరు పక్కన కొత్త పేరు చేర్చి, తేదీ వేసి పెట్టారు.